ఒసాంగ్‌ను మోస్తున్నదెవరు

ఇంగ్లీషువాళ్లు మాటల దగ్గర మహా పిసినారులు. ఏది ఎలా మోసినా వాళ్లకు ఒక్కటే మాట, ‘క్యారీ’. మా సెబూ కొండల్లో అలా చెల్లదు. నెత్తిన పెట్టుకుంటే లుక్దో, భుజాన వేసుకుంటే పసాన్, చేత్తో వేలాడేసుకుంటే బిత్‌బిత్, బిడ్డను వీపున ఎక్కించుకుంటే బాబా. నలుగురు కలిసి మోస్తే, అది శవపేటికైనా సరే, యాయోంగ్. ఊరికే ‘మోశాను’ అంటే మావాళ్లు ‘ఎలా?’ అని అడిగి గానీ వదలరు.

రోసెండా టీచరు ఆ మధ్యాహ్నం నాలుగో తరగతికి చెబుతున్న పాఠం అదే. బోర్డు మీద ఇంగ్లీషు మాట రాసి, "దీనికి మనకెన్ని ఉన్నాయో చేసి చూపించండ్రా" అంది. ఇంకేముంది, క్లాసు కాస్తా సంతయిపోయింది. ఒకడు బకెట్ నెత్తికెత్తుకున్నాడు. ఇద్దరు చీపురుకర్రకు సంచి తగిలించి మోశారు. వెనక బెంచీలో టీచరు కూతురు ఒసాంగ్ ఉంది, ఆరేళ్ల పిల్ల. దాన్ని పెంచిన అమ్మమ్మ బాస్యా పోయి ఆనాటికి తొమ్మిదో రోజు. ఇంట్లో వదలడానికి మనిషి లేక టీచరు తనతోనే బడికి తెచ్చుకుంటోంది.

"మామ్, ఒసాంగ్‌ని చూడండి! అందరికంటే అదే బాగా చేస్తోంది!" అని ఎవరో అరిచారు.

ఒసాంగ్ బెంచీ పక్కన ఉంది. ఎవరి మెడనో వాటేసుకున్నట్టు చేతులు ముందుకు మెలేసి, మోకాళ్లు ఎడం చేసి, చెంప ఒక పక్కకు వాల్చింది. పాదాలు నేలకు జానెడు ఎత్తున ఉన్నాయి.

"బాబా" అంది నవ్వుతూ.

పిల్లలు చప్పట్లు కొట్టారు. రోసెండా కళ్లు నులుముకుని చూసేసరికి కూతురు బెంచీ మీద బుద్ధిగా కూర్చుని ఉంది. నిద్ర చాలడం లేదు, అంతే, అనుకుందామె. పాపం, ఎలాగోలా అలా అనుకోవాలిగా మరి!

బడి విడిచాక ఇంటిదారి పట్టారు, రోసెండా ముందు, ఒసాంగ్ వెనక. పొద్దున కురిసిన వానకు కొండదారి ఎర్రటి బురదలో మునిగింది. రోసెండాకు మోకాళ్ల దాకా బురదే. గుమ్మంలో కాళ్లు కడుగుదామని కూతురి పాదం పట్టుకుంటే, అరికాలు పొడిగా, తెల్లగా ఉంది. పిల్లను చంకన ఎత్తుకుంది. బరువే లేదు. కింద నుంచి ఇంకెవరో పట్టుకున్నట్టు తేలిగ్గా ఉంది.

"ఒసాంగ్, దారిలో నిన్నెవరైనా ఎత్తుకున్నారా?"

"లోలా" అంది పిల్ల. అమ్మమ్మను అది పిలిచే పిలుపు అదే.

సాయంత్రం పోయినావిడకు తొమ్మిదోనాటి ఆఖరి ప్రార్థన. రోసెండా మేనమామ క్రిస్పులో అప్పటికే వచ్చి వరండాలో బెంచీలు వేస్తున్నాడు. కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసే మనిషి, నోరు కాస్త జాస్తి.

"తియో, పిల్లకి బరువు లేదు" అంది రోసెండా.

"నువ్వు సరిగా తిండి పెడితేగా!" అంటూ ఆయన పిల్లను ఎత్తాడు. ఎత్తినంత వేగంగానే దించేశాడు.

"శవపేటిక గడప దాటకముందే పిల్లను దాని మీదుగా ఈ చేతి నుంచి ఆ చేతికి దాటించమని మొత్తుకున్నానా లేదా? దాటించకపోతే పోయినవాళ్లు మనవల్ని వదలరని చెప్పానా లేదా? నువ్వేమన్నావు? జ్వరంగా ఉంది, లేపొద్దు, ఈ పిచ్చినమ్మకాలు నా దగ్గర వద్దు అన్నావు. పట్నం చదువులు వెలగబెట్టావు కదా మరి!"

"తిట్లు తర్వాత తిడుదువుగానీ. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"సమాధి మీదుగా దాటించాలి. ప్రార్థన ముగిస్తే మా అక్క వెళ్లిపోతుంది. మోస్తున్నదాన్ని మోసుకునే వెళ్తుంది" అన్నాడు క్రిస్పులో.

ఎండ ఇంకా కొబ్బరాకుల మీద ఉండగానే శ్మశానానికి చేరారు. మట్టిదిబ్బకు అటు క్రిస్పులో, ఇటు రోసెండా నిలబడ్డారు. ఆమె పిల్లను చంకల కింద పట్టుకుని ముందుకు చాపింది.

"అందుకో తియో" అంటూ, ఆయన పట్టుకున్నాడనుకుని చేతులు వెనక్కి తీసుకుంది.

"నేనింకా పట్టుకోలేదే తల్లీ!"

ఒసాంగ్ దిబ్బ మీద, గాలిలో, చెంప వాల్చి కళ్లు మూసుకుని ఉంది. క్రిస్పులో కాళ్లు పట్టి లాగినా కదల్లేదు.

రోసెండాకు ఏడుపు తన్నుకొచ్చింది. నలభై రోజుల పసిగుడ్డును తల్లి వీపున పడేసి తాను పట్నం వెళ్లింది. సెలవులకు వస్తే బిడ్డ తన దగ్గరికి వచ్చేది కాదు. ఆ కడుపుమంటతో కన్నతల్లినే ఎన్నోసార్లు కసిరింది.

"నానాయ్, నువ్వు మోసింది చాలు. నా పని నీమీద పడేశాను, తప్పు నాదే. దాన్ని దించు. నీ బదులు నేను మోస్తాను. ఎంత దూరమైనా మోస్తాను" అంది తల్లితో.

తర్వాత దిబ్బకు వీపు పెట్టి గొంతుక్కూర్చుని చేతులు వెనక్కి చాపింది. బిడ్డను ఎక్కించుకునేటప్పుడు మా ఆడవాళ్లు కూర్చునే తీరు అది.

"వెనక్కి చూడకు తల్లీ" అన్నాడు క్రిస్పులో.

వెనక ధబ్బుమని ఏదో పడింది. వెంటనే ఆమె మెడ చుట్టూ రెండు చేతులు పడ్డాయి. అమ్మయ్య! బరువు, నడుము విరిగేంత బరువు. రోసెండా సంతోషంతో ఏడుస్తూ లేచి, తల వంచుకుని దారి పట్టింది. "గట్టిగా పట్టుకో బంగారం" అంటే చేతులు ఇంకా బిగిశాయి.

మలుపులో క్రిస్పులో ఆమెను దాటి ముందుకొచ్చాడు. ఆయన వేలు పట్టుకుని ఒసాంగ్ కుంటుతోంది. మోకాలు చెక్కుకుపోయి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"పడితే పడిందిగానీ, బండరాయిలా ఉందిప్పుడు!" అని ఆయన నవ్వి, వెనక్కి తిరిగాడు. "అదేంటి, నువ్వలా వంగిపోయి నడుస్తున్నావేం?"

రోసెండా ఆగిపోయింది. మెడ మీది వేళ్లు ఎండిపోయి, కణుపులు కట్టి ఉన్నాయి. దించేయాలని చేతులు వదులు చేయబోయింది. ఎదురుగా పిల్ల కన్నీళ్లు తుడుచుకుంటూ తన వైపే చూస్తోంది. దించితే ఈ బరువు ఎవరి దగ్గరికి పోతుందో ఆమెకు తెలుసు.

"ఏం లేదు తియో, మీరు పదండి. ప్రార్థనకు వేళవుతోంది" అంది. "అదయ్యాక పిల్లను మీ ఇంటికి తీసుకుపో. ఇకమీదట అది మీ దగ్గరే ఉంటుంది."

చేతులు వెనక్కి కట్టి, జారుతున్న తల్లిని వీపు మీదికి ఎగదోసుకుని, ఇంటి వైపు నడిచింది.