సొరంగంలో ఆగిన బండి

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు హెల్మార్ ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని, కోటు హాల్లో కొక్కేనికి తగిలించి, ఇంకా బోలెడు టైముంది కదా అని నేలమాళిగలోకి దిగాడు. అక్కడే చేశాడు తప్పు. భార్య ట్రౌడెల్ ఎక్కిన బండి మూడూ ఇరవైకి వస్తుంది. ఇంటి నుంచి స్టేషనుకు నడిచి వెళ్తే ఏడు నిమిషాలు. తుంటి ఆపరేషను చేయించుకుని, అయిదు వారాల తర్వాత రెండు చేతికర్రల మీద ఇంటికొస్తోంది ఆమె. ఫోన్లో ఆమె అడిగింది ఒక్కటే. "నువ్వు ప్లాట్‌ఫారం మీద ఉండాలి హెల్మార్. నేను దిగేసరికి కనపడాలి. నాకింకేం వద్దు." ఉంటానని ఒట్టేసి మరీ చెప్పాడు.

అసలు ఆలస్యమంటేనే గిట్టని మనిషి. నలభై ఏళ్లు సిగ్నల్ క్యాబిన్లో పనిచేసి రిటైరయ్యాడు. ఏ బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో అక్కడి పుస్తకంలో రాయాలి, పక్కగడిలో కారణం రాయాలి. మంచు. పట్టాల మీద ఆవు. ఇంజను మొరాయింపు. ఆ గడిలో ఒక్కసారి కూడా తన పేరు పడలేదని ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటాడు. ఇంట్లోనూ అదే ధోరణి. ట్రౌడెల్ ఏ పెళ్లికో ముస్తాబవుతుంటే గుమ్మంలో నిలబడి, తొమ్మిది నిమిషాలు ఆలస్యం, కారణం జుట్టు, అని ప్రకటించేవాడు. ఆమెకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది.

నేలమాళిగ నిండా ఆయన బొమ్మ రైలు. బొమ్మ అంటే ఊరుకోడు, నమూనా అనాలి. నాలుగు గోడల వెంబడీ ఛాతీ ఎత్తున బల్లలు, వాటి మీద పట్టాలు, ఊళ్లు, వంతెనలు. నడుమ మనిషి నిలబడి బండ్లు నడపడానికి బావిలాంటి ఖాళీ. అందులోకి వెళ్లాలంటే ఒకటే దారి. దుకాణం గల్లాబల్లకు ఉండేలాంటి తలుపుచెక్కను పైకెత్తి లోపలికి దూరి, మళ్లీ దించుకోవాలి. ఆ చెక్క మీద ఒక కొండ, కొండలో సొరంగం. పెళ్లయిన మొదటి చలికాలం మొగుడూ పెళ్లాం కలిసి చేసిన కొండ అది. తీగల వల మీద జిగురులో నానబెట్టిన వార్తాపత్రికలు పరిచి, పైన సున్నపుపిండి పూత పూశారు. మూడు వందల పైచిలుకు చెట్లను ట్రౌడెల్ తన చేత్తో ఒక్కొక్కటీ గుచ్చింది.

ఒకసారి చెక్క ఎత్తి ఉండగా బండి వచ్చి నాలుగు పెట్టెలు నేల మీద పడ్డాయి. దాంతో హెల్మార్ చెక్కకు ఒక గడియ బిగించాడు. చెక్క మీది పట్టాల మీద బండి ఉన్నంతసేపూ ఆ గడియ ఊడదు. కరెంటు తీసేసినా ఊడదు. క్యాబిన్ బుద్ధి ఎక్కడికి పోతుంది? సొరంగంలో బండి ఆగిపోతే చెయ్యి పెట్టి తీయడానికి కొండకు చిన్న తలుపు కూడా పెట్టాడు. లోపలివైపు పెడితే తాను నిలబడే చోటు నుంచి కొండ అందం చెడుతుందని బయటివైపు పెట్టాడు. ఈ పిచ్చి ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తెలివితక్కువ పని అది.

ఆ రోజు బయటికి తీసింది బెర్టోల్డ్ ఇంజనును. క్లబ్బులో ప్రాణస్నేహితుడు బెర్టోల్డ్ పోతూ పోతూ రాసిచ్చిన పాత ఇంజను, యుద్ధానికి ముందుది. ఆ కాలంలో పోతపోసిన లోహంలో సీసం కలిసి దానికి తెగులు పట్టింది. ఏళ్లు గడిచేకొద్దీ లోపల్లోపలే ఉబ్బుతుంది, నెరలు తీస్తుంది, ఏదో ఒకనాడు రస్కులా పొడైపోతుంది. మందు లేదు. అద్దాల బీరువాలో పెట్టుకో, కరెంటు మాత్రం ఎక్కించకు అని క్లబ్బులో అందరూ చెప్పారు. ట్రౌడెల్ లేని ఇంట్లో ఏం తోచక ఈ అయిదు వారాలూ దాన్నే అరగదీస్తూ, నూనె వేస్తూ కూర్చున్నాడు. తిప్పుతానన్నది ఒక్క చుట్టే.

ఇంజను మూడు పెట్టెలను లాక్కుంటూ బల్లలన్నీ చుట్టివచ్చింది. హెల్మార్ కళ్లు చెమర్చాయి. తర్వాత సొరంగంలో దూరింది. బయటికి రాలేదు.

కరెంటు పెంచాడు, తగ్గించాడు, వెనక్కి తిప్పాడు. లోపల కిర్రుమని ఒక్క చప్పుడు, అంతే. గడియ మీట నొక్కాడు. చెక్క కదల్లేదు. అప్పుడు అర్థమైంది, తను పెట్టుకున్న తాళమే తనను లోపల బంధించిందని.

తీగను కొక్కెంలా వంచి సొరంగంలోకి పోనిచ్చాడు. పెట్టెలు ఒక్కొక్కటీ బుద్ధిగా వచ్చేశాయి. ఇంజను మాత్రం మలుపులో ఉంది, కొక్కేనికి అందలేదు. బల్లల మీదుగా ఎక్కి దూకుదామంటే అట్ట ఇళ్లను మోసే బల్లలు డెబ్భై ఒక్క ఏళ్ల తొంభై కిలోల మనిషిని మొయ్యవు. కింద నుంచి పాకడం అసలే కుదరదు. రెండేళ్ల క్రితం అలా పాకి మధ్యలో ఇరుక్కుంటే ట్రౌడెల్ కాళ్లు పట్టుకుని ఈడ్చింది. ఆ తర్వాత బల్లల కిందంతా ఖాళీ డబ్బాలు కూరి, బయటివైపు పలకలు మరలతో బిగించేశాడు. కొన్న ప్రతి పెట్టెకూ దాని డబ్బా దాచాలి. డబ్బా పారేసినవాణ్ణి క్లబ్బులో మనిషిగా చూడరు.

ఫోను పైన హాల్లోనే ఉంది. కేకలు వేశాడు. మందపాటి రాతిగోడలు, ఎవరికి వినపడతాయి? మీటల బల్ల కింద మేకుకు సన్నపళ్ల రంపం వేలాడుతోంది. చూశాడు. మొహం తిప్పుకున్నాడు. మళ్లీ తీగ అందుకున్నాడు.

రెండున్నరయింది. మూడయింది. గోడ మీది గడియారం క్యాబిన్ మూసేసినప్పుడు తెచ్చుకున్నది, అబద్ధం చెప్పదు. చొక్కా చెమటకు తడిసింది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ తీగ తిప్పుతూనే ఉన్నాడు. కొండను కోసెయ్యడమే మిగిలింది. మేకు వైపు చెయ్యి వెళ్లేది, వెనక్కి వచ్చేది. ఈ బావిని కట్టుకోవడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది, ఇందులోనే చస్తానేమో అనిపించి మొదటిసారి భయపడ్డాడు.

మూడూ పంతొమ్మిదికి బల్లల మీది దీపస్తంభాలు సన్నగా వణికాయి. వీధి చివర అసలు రైలు బ్రేకులు వేస్తోంది. వినగానే తెలిసింది, ఆమె బండే, సరిగ్గా వేళకు వచ్చింది. కాసేపటికి వణుకు ఆగిపోయింది. హెల్మార్ తల పట్టుకుని చతికిలబడ్డాడు.

నాలుగూ పదికి పైన తలుపు తాళం తిరిగింది. చేతికర్రల చప్పుడు హాల్లోకి, వంటింట్లోకి, మళ్లీ హాల్లోకి తిరిగి నేలమాళిగ మెట్ల దగ్గర ఆగింది.

"హెల్మార్?"

"కిందున్నాను. ఇరుక్కుపోయాను."

ఆమె మెట్ల తలుపు పూర్తిగా తెరిచింది.

"అరగంట నిలబడ్డాను ప్లాట్‌ఫారం మీద. నువ్వెప్పుడూ ఆలస్యం చెయ్యవు కదా, గుండె ఆగి పోయుంటావనుకున్నా. టాక్సీలో దారంతా ఏడుస్తూనే వచ్చాను."

ఇంజను సంగతీ గడియ సంగతీ గడగడా చెప్పాడు. బయటివైపు చిన్న తలుపు తీస్తే ఒక్క నిమిషం పని అన్నాడు. ఆమె మెట్లు దిగకూడదని డాక్టరు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, పక్కింటివాళ్లను పిలవమన్నాడు. వాళ్లు ఊళ్లో లేరంది ఆమె.

"లోపల రంపం లేదా నీ దగ్గర?"

లేదనొచ్చు. ఆమె కిందికొచ్చి చూసేది లేదు.

"ఉంది."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ ఉంది."

కర్ర మొదటి మెట్టు మీద ఆనిన చప్పుడయింది. రెండో మెట్టు. ఆ మెట్లకు పట్టుకమ్మి ఒకవైపే ఉంది, అదీ ఆమెకు పనికిరాని వైపు.

"వద్దు ట్రౌడెల్. అక్కడే ఆగు."

మూడో మెట్టు. కర్ర ఒకటి జారి దడదడా కిందిదాకా దొర్లింది.

హెల్మార్ రంపం అందుకున్నాడు. సున్నపుపిండి పొగలా లేచింది. చెట్లు గుంపులుగా ఒరిగిపోయాయి. పాత పత్రికల పొరల్లో ఆ చలికాలపు సినిమా ప్రకటన ఒకటి కనపడింది, ఆగలేదు. బొక్క పడగానే భుజందాకా చెయ్యి దూర్చి ఇంజనును పట్టుకున్నాడు. పట్టుకోగానే అది నాలుగు ముక్కలై చేతిలోకి వచ్చింది. లోపల ఎప్పుడో చచ్చిపోయి ఉంది. రెండున్నర గంటలు తీగతో లాగబోయింది దాన్నే.

పట్టాలు ఖాళీ కాగానే టక్కుమని గడియ ఊడింది.

బయటపడి మెట్ల దగ్గరికి వచ్చేసరికి ట్రౌడెల్ అయిదో మెట్టు మీద కూలబడి ఉంది. కోటు కూడా విప్పలేదు. పైకి వెళ్లలేదు, కిందికి దిగలేదు. హెల్మార్ తెల్లపిండి కొట్టుకుపోయిన చొక్కాతో ఎక్కి ఆమె కింది మెట్టు మీద కూర్చున్నాడు.

ఆమె అతణ్ణీ, అతని చేతిలో ముక్కల్నీ, దూరంగా చీలిన కొండనూ చూసింది.

"ఎంత ఆలస్యం?"

అతను గడియారం వైపు తిరిగాడు. "గంటా పన్నెండు నిమిషాలు."

"కారణం?"

నోట్లో మాటలు తయారుగానే ఉన్నాయి. తెగులు పట్టిన లోహం. పోయిన స్నేహితుడు. గడియ. ముక్కల్ని మెట్టు మీద పెట్టేశాడు.

"హెల్మార్ బ్రెన్నర్," అన్నాడు.

ట్రౌడెల్ అతని భుజం మీద చెయ్యి వేసింది. "సరే, లేపు నన్ను."