తెర తెల్లబడిన మధ్యాహ్నం

కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ తనంతట తానే లేచింది కానీ, తెర మీద షెడ్డులోని వేడి కనబడలేదు. అంకెలుండాల్సిన చోటంతా తెల్లగా ఉంది. నందిని మళ్లీ మళ్లీ నొక్కి చూసింది. తెలుపు అలాగే ఉంది.

బయట వాన దంచికొడుతోంది. ఇబ్రహీంపట్నం శివార్లలోని ఆ కోళ్లఫారంలో కోడిపిల్లలను దించి నాలుగు రోజులే అయింది. ఆ వయసు పిల్లకు వెచ్చదనమే ప్రాణం. చలి తగిలిందంటే ఒకదాని కిందికొకటి దూరి మూలన గుట్టపడతాయి. అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. అందుకే నాలుగు మూలలా వేడిని కొలిచే సెన్సార్లు పెట్టి, వేడి తగ్గగానే సైరన్ మోగేలా ఏర్పాటు చేసుకున్నారు. ఆ లెక్కలన్నీ దాచే డేటాబేస్ లేవకపోతే తెరా లేదు, సైరనూ లేదు.

షెడ్డు ఎదురుగానే ఉంది. వెళ్లి చూడవచ్చు. కానీ నందిని వెళ్లకూడదు. నిన్ననే పుట్టింటి నుంచి వచ్చింది. అక్కడ పెరటి కోళ్లు కొక్కెర రోగం అంటుకుని మెడలు మెలితిప్పుకుంటూ, నోళ్లు తెరుచుకుని చచ్చాయి. కొన్నింటిని తనే చేతులతో తీసి పూడ్చింది. ఆ మాట వినగానే అత్త ఇంద్రమ్మ షెడ్డు ముందు సున్నంతో గీత గీసింది.

"పిల్లలకు టీకా పడేదాక ఈ గీత దాటినవంటే చూడు. నీ చెప్పులు గూడ ఇటు రావద్దు."

ఇప్పుడు లోపల ఇంద్రమ్మ ఒక్కతే ఉంది. ఆమె ఫోన్ ఈ గదిలోనే ఉంది. రేకుల మీద వాన చప్పుడుకు ఎంత అరిచినా వినబడదు. నందిని అరిచి కూడా చూసింది.

పిల్లలను వెచ్చబెట్టే గ్యాస్ బ్రూడర్లకు సిలిండర్లు తేవడానికి వెళ్లిన భర్త తిరుమల్‌కు ఫోన్ చేసింది. అతను మన్నెగూడ దగ్గర వానలో ఇరుక్కున్నాడు.

"నిన్న కంప్యూటర్ల ఏం జేసినవ్?" అని అడిగింది.

"కొత్త డిస్కు ఏసి పాతదంత కాపీ జేసిన, గంతే. మల్ల ఆన్ అయినప్పుడు దాని మీద నడవాలె."

తెర మీద కమాండ్లు రాసే నల్లటి కిటికీ తెరిచి చూస్తే ఒకటే మాట: డేటాబేస్ ఫోల్డర్ తెరవడానికి అనుమతి లేదు. నందినికి అర్థమైంది. డేటాబేస్ ఆ కంప్యూటర్‌లోనే కంటెయినర్ అనే విడి అరలో, తన సొంత పేరు మీద నడుస్తుంది. తిరుమల్ కాపీ చేసేసరికి ఫోల్డర్ మొత్తం అతని పేరు మీదికి మారింది. డేటాబేస్ లేస్తోంది, అనుమతి లేదంటోంది, పడిపోతోంది. మళ్లీ లేస్తోంది.

"నెట్ల జూస్తే ఫోల్డర్ తీసేసి కొత్తగ మొదలువెట్టుమంటున్నరు," అంది ఫోన్లో.

"తీసేయ్ మరి! ముహూర్తం జూసుకుంట కూసుంటవా?"

"తీసేస్తే ఎంతకు తగ్గితే సైరన్ కొట్టాల్నో గది గూడ పోతది. తెర వస్తది, సైరన్ మూగదై కూసుంటది."

"నీ ఇష్టం. పిల్లలు సస్తే నన్ననకు."

"నిన్నుగాక పక్కింటోల్లను అంటనా?" ఫోన్ పెట్టేసింది.

పాత డిస్కులో ఆ ఫోల్డర్ ఎవరి పేరు మీద ఉండేదో వెతికింది. పేరు లేదు, ఒక అంకె ఉంది. కొత్త ఫోల్డర్‌ను ఆ అంకె పేరు మీదికి మార్చే కమాండ్ రాసింది. ఒక అక్షరం తప్పు పడింది. చెరిపి మళ్లీ రాసి, అక్షరం అక్షరం చదివి నొక్కింది.

తెర వెలిగింది. నాలుగు మూలలా ముప్పైమూడు డిగ్రీలు, ఆకుపచ్చగా.

కుర్చీలో కూలబడబోతూ అంకెల కింద తేదీ చూసింది. నిన్నటిది! కాపీ చేసినప్పటి వేడి అది. ఆమె చూస్తుండగానే ఒక్కో మూల అంకె ఇప్పటి వేడికి మారింది. ముప్పైఒకటి. ముప్పై. ఇరవై అయిదు. ఇరవై మూడు.

సైరన్ అందుకుంది.

కాసేపటికి షెడ్డు తలుపు తెరుచుకుంది. ఇంద్రమ్మ తల బయటపెట్టింది.

"నందినీ! నేను ఈ కొస వానకడ్డం కట్టిన పరదా చినిగిందని పట్టుకున్న. అటుకొస బ్రూడర్లు గాలికి ఆరిపోయినయే! పిల్లలు గుట్టవడ్డయి. తొందరగ రా!"

"నేనా? నువ్వే రావద్దంటివి గద అత్తమ్మా!"

"ఇప్పుడు రమ్మంటున్న గద! ఒక్కదాన్ని పరదా పట్టాల్నా, పిల్లల్ని తియ్యాల్నా?"

సున్నపు గీతను వాన ఎప్పుడో కడిగేసింది. అది ఎక్కడ ఉండేదో నందిని కాళ్లకు తెలుసు. అక్కడే ఆగిపోయాయి. సైరన్ ఆగడం లేదు. గీత దగ్గర కాళ్లకని పెట్టిన, క్రిములను చంపే మందునీళ్ల బకెట్ ఎత్తి నెత్తిమీద కుమ్మరించుకుంది. మోచేతుల దాకా సబ్బుతో తోముకుని, కట్టుబట్టలు విడిచి, చూరు కింద వేలాడుతున్న అత్త చీర చుట్టుకుని దాటింది.

మూలన పసుపుపచ్చని గుట్ట కదులుతోంది. చేతులు దూర్చి విడదీసింది. పైవి కీచుమంటూ చెదిరిపోయాయి. అడుగునవి కొన్ని చపాతీల్లా అణిగి ఉన్నాయి. వాటిని పక్కన పెట్టింది. అత్త బ్రూడర్లు వెలిగించింది. గుట్ట పలచబడింది. సైరన్ ఆగింది.

"చానమట్టుకు బతికినయ్ బిడ్డా," అంది ఇంద్రమ్మ, నేలన పరిచిన వరిపొట్టులో చతికిలబడి.

నందిని అరచేతిలోని పిల్ల నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. రోగం ఇంత తొందరగా బయటపడదని ఆమెకు తెలుసు. తెలిసినా పిల్లను వెలుతురుకు పట్టి చూసింది.

"అత్తమ్మా, ఇదెందుకు నోరు తెరుస్తుంది?"

ఇంద్రమ్మ దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది.

"దూపయితుండొచ్చు, నీల్లు గావాలె," అంది.

కానీ ఆ పిల్లను నందిని చేతిలోంచి తీసుకుని, మిగతావాటిలో వదలకుండా, కొంగులో వేసుకుంది.