దీవెన చెప్పిన ప్రార్థన అంశం

అది కాదమ్మా మానసా, మీ దీవెనత్త ఆ రోజు ఎవరితోనూ పోట్లాడలేదు. వంటింట్లో గ్లాసులు కడుగుతా ఉంది, అంతే. నెమ్మదిగా చెప్తాను, రాసుకో.

కాబూలు తాలిబాన్ల చేతిలో పడిన రోజులవి. మిలట్రీలో, కాశ్మీరులో ఉన్న మీ జీవన్ మావయ్యకి సెలవు రద్దయింది. "అక్కడ అట్టా అయ్యాక ఇక్కడ బోర్డరంతా ఎలర్టు నాన్నా, ఎవర్నీ కదలనివ్వట్లేదు" అన్నాడు నాతో ఫోన్లో. ఆడొచ్చి దగ్గరుండి దింపుతానంటేనే కదా దీవెన ఉద్యోగానికి ఇంట్లో సరే అన్నది. ఎయిర్‌పోర్టులకి కాపలా కాసే బలగంలో వచ్చింది ఆ పిల్లకి. సోమవారం ట్రైనింగులో చేరకపోతే పోయినట్టే.

"ఆడు దేశాన్ని కాస్తున్నాడు, నువ్వు ఇంటిని కాయి. చాల్దా?" అంది మీ అమ్మమ్మ.

కాస్తానే ఉంది కదా, అనుకుంది దీవెన. టీలు, గేదె, పాప, మావగారి, అంటే నా బీపీ మాత్రలు, చేపల చెరువు మీద పనోళ్ళకి కేరేజీలు. ఈ డ్యూటీకి అసలు సెలవంటూ ఉంటే కదా రద్దవడానికి. మొగుడి సెలవు పోతే గుండుగొలను ఊరంతా అయ్యో అంది. తన ఉద్యోగం పోతుంటే, మంచిదేలే ఇంటిపట్టున ఉంటది అంటున్నారు.

ఆ శుక్రవారం మనింట్లో ప్రార్థన కూడిక. సంఘపెద్ద సుందరరావు గారు అందుకున్నారు. "ప్రభువా, ఆ కాబూల్లో ఆడబిడ్డల్ని ఇంట్లో పెట్టి తలుపులేస్తున్నారు. బడికి పోనీరు, ఉద్యోగానికి పోనీరు. ఆ తలుపులు నువ్వే తియ్యాలి తండ్రీ!" మగాళ్ళంతా గట్టిగా ఆమెన్ అన్నారు. మీ అమ్మమ్మ కళ్ళు కూడా తుడుచుకుంది.

వంటింట్లో దీవెన చేతిలో గ్లాసు ఆగిపోయింది.

కూడికలో పద్ధతి నీకు తెలుసుగా. చివర్న ఏం కోరి ప్రార్థన చెయ్యాలో ఎవరి అంశం వాళ్ళు చెప్తారు. చెప్పాక కాదనేది లేదు, ప్రార్థన చెయ్యాల్సిందే.

"ఇంకెవరికన్నా ఉందా అంశం?" అన్నారు సుందరరావు గారు.

దీవెన తడి చేతులు తుడుచుకుంటా వచ్చింది. "నాకుందండీ. సోమవారం ట్రైనింగుకి వెళ్తున్నాను. నా ప్రయాణం కోసం, పాప కోసం ప్రార్థన చెయ్యండి."

"జీవన్ లేకుండానా అమ్మా?"

"రద్దయింది ఆయన సెలవండీ. నా ఉద్యోగం కాదు."

ఆయన కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఇప్పుడే తలుపులు తియ్యమన్న నోరాయె, ఏం చేస్తారు? గొంతు సవరించుకుని ప్రార్థన చేశారు. అందరికంటే ముందు ఆమెన్ అన్నది ఎవరనుకున్నావు, మీ అమ్మమ్మే! మోకాళ్ళు పట్టుకుని లేస్తా, "పాపకి పాలల్లో పంచదార ఎంత వెయ్యాలో చెప్పి మరీ వెళ్ళు" అంది.

రాశావా? ఇప్పుడు దెందులూరులో వరదానం గారి కోడలు స్నేహలతకీ ఎక్కడో ఉద్యోగం వచ్చిందంట, ఇంట్లో వద్దంటున్నారంట. రేపు వెళ్ళి ఆ పిల్లకి ఇది చదివి వినిపించమ్మా. కాస్త గట్టిగా చదువు, వరండాలో కూర్చునే ఆ పిల్ల మావగారికి కూడా వినపడాలి.