చేసినవారి సంతకం

పెయింటరు తమ్ముడు పోయిన మూడో వారం, మరదలు ఒక రాకెట్‌ని దుప్పట్లో చుట్టుకుని అతని దుకాణానికి వచ్చింది. పెయింటరు సైన్‌బోర్డులు రాస్తాడు. తమ్ముడిది లేత్ పని. ఎగిరే నమూనా రాకెట్ల పోటీ కోసం రెండేళ్లుగా అసలు రాకెట్‌కి అచ్చుగుద్దినట్టు, ఇరవయ్యో వంతు సైజులో చిన్నది చేస్తూ వచ్చాడు. ఒకరోజు మిషన్ దగ్గరే కుప్పకూలాడు.

"పోటీకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి బావగారూ. దీని మీద అక్షరాలొక్కటే మిగిలాయి. మీరు రాసిపెట్టండి."

గోడంత అక్షరాలు రాసే చేతికి గోరంత అక్షరాలు లొంగలేదు. రాశాడు, తుడిచాడు, మళ్లీ రాశాడు. తమ్ముడి కొలతల కాగితం అంచున ఒకచోట "అన్నయ్యనడగాలి" అని ఉంది. ఏమడగాలనుకున్నాడో! ఆ పూట ఇక కుంచె పట్టలేకపోయాడు.

పోటీ రోజు జడ్జిగా వచ్చిన పెద్దావిడ అసలు రాకెట్ ఫొటోలు పక్కన పెట్టుకుని, వెర్నియర్ కొలబద్దతో అంగుళం అంగుళం కొలిచింది. రెక్కల వాలు, చారల వెడల్పు, చివరికి బోల్టు తలలు కూడా లెక్కపెట్టింది.

"ఇంత కచ్చితమైన పని నేను చూళ్లేదండీ," అంటూ ఫారం ముందుకు జరిపింది. "ఇక్కడ సంతకం పెట్టండి."

'మోడల్ మొత్తం నా చేతులతో నేనే చేశాను' అని ఉందక్కడ.

పెయింటరు పెన్ను కింద పెట్టేశాడు. "అక్షరాలే నావండి. మిగతాదంతా మా తమ్ముడు. వాడు లేడు."

ఆవిడ ఫారం వెనక్కి తీసుకుంది. "అయితే పోటీలోకి తీసుకోలేను. చేసినవాళ్లే తేవాలి. కావాలంటే అన్నీ అయ్యాక ఊరికే ఎగరేసుకోండి."

బయటికి రాగానే మరదలు నిలదీసింది. "ఒక్క సంతకం! మీ సొమ్మేం పోయేది బావగారూ?"

"పెడితే ఫలితాల బోర్డు మీద నా పేరుండేదమ్మా. వాడిది కాదు."

ఆమె ముఖం తిప్పుకుంది. అందరూ సర్దుకుంటుంటే తనే వెళ్లి మీట నొక్కింది. రాకెట్ రివ్వున లేచింది. పైన పారాచూట్ చక్కగా విచ్చుకుంది గానీ, గాలి దాన్ని మైదానం పక్కనున్న గోదాముల మీదుగా ఎటో లాక్కుపోయింది.

పొద్దుగూకేదాకా వెతికారు. గోదాముల కాపలాదారు కూడా పాపం రేకుల మీదికెక్కి చూశాడు. దొరకలేదు.

పైపుల గుట్ట మీద కూలబడి మరదలు అప్పుడు ఏడ్చింది. భర్త పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు.

"ఆయన చేత్తో చేసింది ఇంట్లో ఇంకేం లేదు బావగారూ. అదొక్కటే," అంది.

పెయింటరు పక్కనే నేలమీద కూర్చున్నాడు.