చట్రమున కావల నిలిచిన పేరు

గ్రీష్మాతపమున వేగి వేసారిన దివసము కడతేరవచ్చుచుండ, లవణశీకరభరితమైన సాగరానిలము విశాఖ తీరవీథిని మెల్లగా మేలుకొనుచుండ, కొండల వెనుకకు జారుచున్న భానుబింబము తన తుదికిరణములను మహాహర్మ్యముల యద్దపుగోడలపై వెదజల్లుచుండ, ఆ హర్మ్యములలో నొకదాని సభామందిరమున నొక నూతన సాధనముయొక్క ప్రదర్శనోత్సవమునకు జనులు గుంపులుగా చేరుచుండిరి. అందు రెండవ వరుసలో, ఇస్త్రీ నలుగని ఖద్దరు చొక్కా తొడిగి, తెనాలినుండి రైలెక్కి వచ్చిన కోదండపాణిగారు కూతురి పేరు తెరపై చూచుటకై కన్నులలో వత్తులు వేసికొని కూర్చుండిరి.

ఆయన జీవితమంతయు ఫొటో స్టూడియో నడిపినవారు. ఊరి పెండ్లిండ్లన్నియు ఆయన కెమెరా కంటిగుండనే సాగినను ఏ పెండ్లి ఫొటోలోను ఆయన రూపు లేదు. గ్రూపు ఫొటో తీయునపుడు మాత్రము ఆయన కొక పట్టుదల కలదు. "అంచునున్నోళ్ళు లోపలికి జరగండయ్యా!" అని కేకవేసి, పేరంటాలి మోచేయి యొక్కటి చట్రమునుండి జారినను, పెండ్లికొడుకు తండ్రి ముహూర్తము మించుచున్నదని చిందులు త్రొక్కినను, బటను నొక్కెడివారు కారు.

ఆ కేక వినుచు పెరిగిన హైమవతి నేడు త్రివిక్రమరావను ధనికుని కంపెనీలో ప్రోగ్రామరు. మనుష్యుని చేయి తగులకయే తానై వెబ్‌పేజీ తెరచి, మీటలు నొక్కి, ఆ వైనమంతయు డెమో వీడియోగా చిత్రించు ఏఐ ఏజెంటునకు, నొక్కిన చోటికి కెమెరాను చేరువగా జరిపి సూక్ష్మాక్షరములను స్థూలముగా చూపు జూమ్ పరికరమును నిర్మించినది ఆమెయే. ఎంత చేరువకు జరిగినను చుట్టును కొంత జాగా విడువవలెనని, ప్రక్కనున్నది తెగరాదని, తండ్రి కేకను తలచుకొనుచు ఆమె దానికి నియమము పెట్టెను.

త్రివిక్రమరావున కా జాగా కంటిలో నలుసయ్యెను. "ఈ ఖాళీ ఏంటండీ హైమవతిగారూ? కెమెరా మొహం మీదికొచ్చి పడాలి. తీసేయండి. పండగనాడు మన పేజీలో మీ పేరు ఎంత పెద్దగా కనపడుద్దో చూడండి!" అనెను.

ఆమె తీసివేసెను. ఏజెంటు తెరచి చూపు కంపెనీ వెబ్‌పేజీ యడుగున నిర్మాతల పేర్లు ఒకే వరుసలో నుండెను: మొదట యజమాని, పిదప హైమవతి, చివర సువార్త. ఈ సువార్త పరికరమును పరీక్షించి తప్పులు పట్టుటలో కన్నులు మసకబారిన పిల్ల. ప్రయోగముగా తీసిన వీడియోలో కెమెరా పేర్లపైకి దుమికినంతనే ఆమె పేరు చట్రమున కావల పడెను.

"మేడమ్, నా పేరు పోయింది. కొంచెం వెనక్కి జరపరా? మా అమ్మకి చూపిస్తానని చెప్పేశాను," అని సువార్త బ్రతిమాలెను.

"సార్ ఒప్పుకోరమ్మా. వచ్చేసారి చూద్దాంలే," అని హైమవతి ముఖము త్రిప్పుకొనెను. ఔరా! తన పేరు నట్టనడుమ నిక్షేపముగా నుండగా, ప్రక్కవాని పేరు తెగిన నొప్పి యెవరి కంటునయ్యా? ఆమె కా రాత్రి నిద్ర కూడ చక్కగనే పట్టెను.

ఉత్సవదినమున ఉదయమున యజమాని, కంపెనీ గడప త్రొక్కి యెరుగని తన బావమరిది పేరును తన పేరు ప్రక్కన చేర్పించెను. తక్కిన పేర్లు ప్రక్కకు జరిగెను. ఏజెంటు వీడియోను మరల చిత్రించెను. హైమవతికి చెప్పినవారు లేరు.

దీపములు తగ్గెను. తెరపై కెమెరా గరుడపక్షివలె పేర్లపైకి వ్రాలెను. త్రివిక్రమరావు పేరు వెలిగెను, బావమరిది పేరు వెలిగెను, ఆ వెనుక తెర యంచున తెగిన హకారపు సగము మాత్రము, గ్రూపు ఫొటోలో మిగిలిన మోచేయివలె, వ్రేలాడుచుండెను. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను.

హైమవతి గుండె చెరువయ్యెను. వేదిక ప్రక్కకు పరుగిడి "సార్, నా పేరు తెగిపోయింది. మా నాన్నగారొచ్చారు. ఒక్కసారి మళ్ళీ తీయిద్దాం సార్," అనెను.

"అందరూ మెచ్చుకుంటుంటే ఇప్పుడు అదేంటండీ? వచ్చేసారి చూద్దాం లెండి," అని ఆయన అతిథులవైపు మరలెను.

తన మాటయే తన చెంప ఛెళ్ళుమనిపింపగా ఆమె తండ్రికడకు వచ్చి కూలబడెను. ఆయన కండ్లద్దములు తుడిచికొని మరల తెరవంక చూచుచుండెను.

"అమ్మాయీ, నీ పేరేదమ్మా?"

"అదుగో నాన్నా, ఆ చివర."

ఎన్నడును కూతురియెదుట పరుషమాడని యా పెద్దమనిషి ముఖము కందగడ్డయయ్యెను. "అంచునున్నోళ్ళని లోపలికి పిలవకుండా తీసిందెవడమ్మా? వాడు మనిషేనా? కెమెరా పట్టుకునే అర్హత ఉందా వాడికి?"

ఆ తీసినది తానేయని యెరిగిన ఆమె చివరి వరుసవంక తిరిగి చూచెను.

వీడియో ముగిసి తనంతట తానే మరల మొదలయ్యెను. కెమెరా మరల వ్రాలెను, జనులు మరల చప్పట్లు కొట్టిరి. చివరి వరుసలో సువార్త చేతులు కట్టుకొని కూర్చుండెను. తెరపై నా సగమక్షరము మిగిలియుండెను. దాని కావల, తెరయే లేని చీకటిలో, సువార్త పేరుండెను.