హాజరు సంతకం

పదకొండు కొట్టేసరికే తారు మెత్తబడి చీపురు పుల్లలకు అంటుకుంటోంది. బజారు వీధి ఇంకా సగం ఊడ్వాలి. పెద్దక్క చీపురు పక్కమనిషి చేతికిచ్చి, కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, కాగితాల కట్ట చంకన పెట్టుకుని పింఛను ఫండు ఆఫీసుకు బయల్దేరింది. ఆ కట్టలో మూడు వందల పన్నెండు మంది ఊడ్చేవాళ్ల వేలిముద్రలూ సంతకాలూ ఉన్నాయి.

పోయిన నెల ఇదే వీధిలో ఆమె తోటికోడలు చీపురు పట్టుకునే పడిపోయింది. వడదెబ్బ. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఎండలు ఏటికేడు ఎందుకిలా ముదురుతున్నాయని అడిగితే బొగ్గు కాల్చి కరెంటు తీయడం వల్లేనని యూనియనువాళ్లు చెప్పారు. దాంతోపాటు ఇంకో సంగతీ బయటపడింది. ఊడ్చేవాళ్ల జీతాల్లోంచి నెలనెలా కోసే పింఛను సొమ్ముతో ఫండువాళ్లు బొగ్గు కరెంటు కంపెనీ షేర్లు కొన్నారు. ఆ కంపెనీలో అందరికన్నా పెద్ద వాటా వీళ్లదేనట. మన వేలితో మన కన్నే పొడవడమంటే ఇదే కదా అనుకుంది పెద్దక్క. కొత్త బొగ్గు ప్లాంట్లు కట్టకూడదన్న తీర్మానం రేపు వాటాదార్ల సభలో ఓటుకు వస్తోంది. ఫండు ఓటు పడితే అది నెగ్గుతుంది. ఫండు కమిటీలో కార్మికుల తరఫున ఉన్నది ఆమె ఒక్కతే.

కమిటీ సమావేశం గది చల్లగా ఉంది. గుమ్మంలో గుమాస్తా హాజరు పుస్తకం జరిపాడు. ఆరేళ్లుగా పెడుతున్నట్టే సంతకం పెట్టి, చివరి కుర్చీలో కూర్చుంది. అందరూ టీ తాగడం అయ్యేసరికి పన్నెండు దాటింది. అప్పటిదాకా ఓపిక పట్టి కట్ట బల్లమీద పెట్టింది.

"అయ్యా, మావాళ్లంతా రేపు మన ఓటు ఆ తీర్మానానికి వెయ్యమంటున్నారు."

సెక్రటరీ చెడ్డవాడేం కాదు. నవ్వుతూనే చెప్పాడు. "ఓటు ఇందాకే పంపేశామమ్మా, యాజమాన్యం వైపు. పన్నెండుతో గడువైపోయింది."

"నన్ను అడక్కుండానా?"

"మీరు ఒప్పుకున్నారుగా."

హాజరు పుస్తకం తెప్పించి పేజీ పైభాగం చూపించాడు. హాజరైనవారందరూ నేటి అంశాలన్నిటికీ సమ్మతించినట్టే అని చీమతలంత అక్షరాల్లో అచ్చయి ఉంది. పెద్దక్క పేజీలు వెనక్కి తిప్పింది. ఆరేళ్ల పేజీల్లోనూ ఆ అక్షరాలున్నాయి. ప్రతి పేజీ కిందా తన సంతకం ఉంది. అతని మీద రావాల్సిన కోపం తనమీదే వచ్చింది. తోటికోడలిని మింగిన ఎండకు తానూ సంతకం పెట్టింది. ఈ మాట ఇంట్లో మరిదికి ఏ ముఖంతో చెప్పాలి?

"వెనక్కి తీసుకోండయ్యా."

"పోయిన ఓటు తిరిగి రాదమ్మా. అయినా మిగతా ఎనిమిది మందీ ఉన్నారు. మీ ఒక్కరి వల్ల ఆగేదేం లేదు. కూర్చోండి, తర్వాతి అంశం చూద్దాం."

నిజమే, ఆగేదేం లేదు. రేపు తీర్మానం ఓడిపోతుంది, ఎల్లుండి వీధి ఊడ్వాలి. పెద్దక్క పుస్తకం మాత్రం వదల్లేదు.

"నా పేరు పక్కన, ఈమె వద్దంది అని రాయండి."

గుమాస్తా ఇబ్బందిగా సెక్రటరీ వైపు చూశాడు. "దానికి గడి లేదండీ. వచ్చారా, రాలేదా, ఆ రెండే ఉన్నాయి."

"అయితే గియ్యి నాయనా," అంది పెద్దక్క. "నాకేం తొందర లేదు."