చెక్క గరిటెల డ్రమ్ము

వాలరూ అనే చిన్న రేవు ఊళ్ళో ఒకప్పుడు ‘సాల్టీ కాలర్స్’ అనే బ్యాండు ఉండేదంటే ఇప్పుడు ఊళ్ళోవాళ్ళే నమ్మరు. నలుగురు కుర్రాళ్ళు, ఒకే ఒక్క రికార్డు. రెండు వందల కాపీలు వేస్తే నూట డెబ్భై వాళ్ళ అమ్మల మంచాల కిందే దుమ్ము కొట్టుకుపోయాయి. నలుగురిలో ముగ్గురు పోయారు. మిగిలినవాడు క్లైవ్ ట్రెగెన్జా. రికార్డులో డ్రమ్ము వాయించింది అతనే. కనీసం అట్ట మీద అలాగే రాసి ఉంది.

అది అబద్ధమని తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరే. ఒకరు క్లైవ్, రెండోది అతని పెళ్ళాం నోరీన్. ఇద్దరూ ఆ ఊసెత్తకుండా డెబ్భై ఎనిమిదో ఏట దాకా హాయిగా నెట్టుకొచ్చారు. అంతలో మెల్‌బోర్న్ నుంచి ఫెలిక్స్ ఊడిపడ్డాడు. జనం మరిచిపోయిన బ్యాండ్లను వెతికి పట్టుకుని, వాళ్ళ పాటలు మళ్ళీ అచ్చువేయడం అతని పని.

“క్లైవ్ గారూ, మీ పాటలో ఆ డ్రమ్ము దెబ్బ ఉంది చూశారూ, మెత్తగా, బరువుగా, ఎవరో మొహమాటపడుతూ తలుపు తట్టినట్టు! దాని మీద మావాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకు చస్తున్నారండీ. అసలెలా వచ్చిందది?”

క్లైవ్ చెయ్యి తిప్పి చూపించాడు. “అదంతా మణికట్టులో ఉంటుందబ్బాయ్.”

వంటింట్లో నోరీన్ కూర కూరి కాల్చే పాస్టీల పిండిముద్దను బల్ల మీద దభీమని పడేసింది.

“అయితే మూడు వారాలాగి ఆదివారం మధ్యాహ్నం టౌన్‌హాల్లో వాయించేయండి. గిటార్లకి కుర్రాళ్ళని తెస్తాను. ఆ దెబ్బ వినడానికే ముప్పైమంది వస్తున్నారు” అన్నాడు ఫెలిక్స్.

వద్దనడానికి నోరు రాలేదు క్లైవ్‌కి. జీవితమంతా ధాన్యం ఓడలకు బార్లీ ఎత్తినవాడు. అతను ఫలానా అని చెప్పుకోవడానికి ఆ ఒక్క రికార్డే ఉంది. అది కూడా పోతే మిగిలేది నడుం నొప్పి.

మూడు వారాలు షెడ్డులో పడి బాదాడు. ఎంత బాదినా టక్ టక్‌మంటుందే తప్ప ఆ మెత్తదనం రాదు.

“తోలు పాతబడిపోయిందే” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో” అని నోరీన్ టీ కప్పు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

జరిగిందేమిటంటే, పందొమ్మిది వందల అరవయ్యారు డిసెంబరులో ఈ టౌన్‌హాల్లోనే పాట రికార్డు చేయడానికి అడిలైడ్ నుంచి ఒకాయన మిషన్లేసుకుని వచ్చాడు. సరిగ్గా ఆ రోజే రేవులో జెట్టీకి ధాన్యం ఓడ రెండు రోజులు ముందుగా వచ్చి కూర్చుంది. కోతల కాలంలో ఓడ వస్తే ఆ ఊళ్ళో పెళ్ళిపీటల మీది పెళ్ళికొడుకైనా లేచి పరుగెత్తాల్సిందే. క్లైవ్ పరుగెత్తాడు, డ్రమ్ము పుల్లలున్న సంచీ కూడా అతనితోనే పోయింది. అడిలైడ్ ఆయనేమో ఐదింటికల్లా సర్దుకుంటానన్నాడు. హాలు వంటగదిలో నోరీన్ కేకు కోసం క్రీము గిలక్కొడుతోంది. రెండేళ్ళుగా వాళ్ళ ప్రాక్టీసులన్నీ వింటూ పిండి కలిపిన పిల్ల. రెండు చెక్క గరిటెలు పట్టుకొచ్చింది. పక్కింటి పాస్టరు గారు చప్పుడుకి గొడవపెడతారని ప్రాక్టీసప్పుడు డ్రమ్ము మీద పరిచే గిన్నెలు తుడిచే గుడ్డను అలాగే ఉంచేసింది, క్లైవ్‌కి ఆ సంగతి తెలీదు. ఒక్కసారి వాయించింది, అంతే, పాట అయిపోయింది. ఆడపిల్ల వాయించిందంటే జనం నవ్వుతారని కుర్రాళ్ళు భయపడి అట్ట మీద క్లైవ్ పేరే వేయిద్దామన్నారు. ఆమె కూడా సరేనంది. రేపు అందరికీ చెప్తానే అన్నాడు క్లైవ్. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

ఆదివారం రానే వచ్చింది. హాలు నిండిపోయింది. మెల్‌బోర్న్ జనం తమ తాతలు కూడా వేసుకోని బిగుతు ప్యాంట్లలో వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. గిటార్లు మొదలయ్యాయి. క్లైవ్ కొట్టాడు. టక్. టక్. ఫెలిక్స్ మొహం వాడిపోయింది, అయినా మర్యాదకి తలాడిస్తున్నాడు.

క్లైవ్ చూపు హాలు చివర వంటగది కిటికీ మీద పడింది. నోరీన్ ఒక చేత్తో కప్పుల్లో టీ పోస్తోంది. రెండో చేతి వేళ్ళు మాత్రం గట్టు మీద తాళం వేస్తున్నాయి. ఆ మెత్తని దెబ్బే అది, ఒక్క పిసరు తేడా లేదు. భోజనాల బల్ల మీద, కారు కిటికీ మీద, ఆసుపత్రి బెంచీ మీద యాభై ఎనిమిదేళ్ళుగా చూస్తున్న వేళ్ళే. విసుగొచ్చి అలా చేస్తుందనుకునేవాడు. అతను సిగ్గుతో కుంచించుకుపోయాడు.

పుల్లలు కింద పెట్టి లేచాడు. గిటార్లు ఆగిపోయాయి.

“ఆ రోజు నేనిక్కడ లేనండీ. జెట్టీ మీద బార్లీ ఎత్తుతున్నాను. వాయించింది అదిగో, మీకు టీ పోస్తోందే, ఆవిడ. నోరీన్, రావే!”

హాలంతా వెనక్కి తిరిగింది. నోరీన్ చెవులు ఎర్రబడ్డాయి. “టీ చల్లారిపోతుందయ్యా” అంది.

“చల్లారనీవే. యాభై ఎనిమిదేళ్ళు నిన్ను చల్లార్చాను, ఒక్కపూట టీ చల్లారితే ఏం?”

ఆమె వచ్చింది. భుజం మీది గుడ్డ తీసి డ్రమ్ము మీద పరిచింది. ఏప్రన్ జేబులోంచి రెండు చెక్క గరిటెలు తీసింది. వాడి వాడి చివర్లు నల్లబడ్డాయి.

“ఇవి ఇవాళ తెచ్చావుటే?” అన్నాడు క్లైవ్ గొంతు తగ్గించి.

“ఇవాళేమిటి? నువ్వు వాయించిన ప్రతిచోటికీ తెచ్చాను. ఎవరైనా అడుగుతారేమోనని.”

క్లైవ్‌కి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె ఏప్రన్ విప్పించుకుని తను కట్టుకున్నాడు, వంటగది కిటికీ దగ్గరికి నడిచాడు. వెనక మొదటి దెబ్బ పడింది. ముందు వరుసల్లో ముప్పైమందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

టీ తీసుకోవడానికి ఒక్కరూ రాలేదు.